సినిమాలో చూసిన పిచ్చి – ఇంట్లో చూసిన జబ్బు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున ఈ మైకు ముందు నిలబడినవాళ్ళు 1982 డిసెంబరు 17న వచ్చిన నకారా కేసు తీర్పు గురించి, డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేనూ నాలుగుసార్లు అవే మాట్లాడాను. ఈసారి సినిమాల గురించి చెప్తానంటే కార్యదర్శి గారు నా ముఖం కాసేపు చూసి, "సరే, ఇరవై నిమిషాలే" అన్నారు. బకాయిల కోసం వచ్చినవారు నన్ను క్షమించాలి. ఆ సంగతి నా తర్వాత మాట్లాడేవారు చూసుకుంటారు.

పోయిన సెప్టెంబరులో మన హాలులోనే గోడకు తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరు మీద సావిత్రి గారి 'చివరకు మిగిలేది' వేశారు. మీలో చాలామంది వచ్చారు. బుచ్చిబాబు నవల అనుకొని వచ్చినవారూ ఉన్నారు. పేరొక్కటే, కథ వేరు. గుత్తా రామినీడు గారి దర్శకత్వంలో 1960లో వచ్చిన సినిమా ఇది. అశుతోష్ ముఖర్జీ అనే బెంగాలీ రచయిత కథ. అదే కథ బెంగాలీలో సుచిత్రాసేన్‌తో 1959లో 'దీప్ జ్వేలే జాయ్'గా వచ్చింది. పదేళ్ళ తర్వాత హిందీలో వహీదా రెహమాన్‌తో 'ఖామోషీ' తీశారు. మన ఎం. ప్రభాకర రెడ్డి గారు తెరకు పరిచయమైంది ఆ తెలుగు సినిమాతోనే.

రానివారి కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. మానసిక వైద్యశాలలో ఒక నర్సు. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన రోగిని బాగుచేయడానికి, అతణ్ణి ప్రేమిస్తున్నట్టు నటించమని పెద్ద డాక్టరు ఆమెకు చెప్తాడు. ఆమె నటిస్తుంది. రోగి బాగుపడి వెళ్ళిపోతాడు. ఆమె మనసు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇంకొక రోగి వస్తాడు, మళ్ళీ అదే నటన. చివరికి ఆమెకే మతి తప్పుతుంది. తను సేవ చేసిన ఆసుపత్రిలో తనే రోగి అవుతుంది.

ఆ చివరి భాగం వస్తుండగా మన సభ్యురాలు ఒకరు లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటకు వెళ్ళిపోయారు. లైట్లు వేశాక పెద్ద వాదం జరిగింది. "ఈ వయసులో మనకు ఈ ఏడుపు సినిమాలెందుకు, భక్త రామదాసు వేయండి" అన్నారు ఒకరు. "ఇలాంటివి చూస్తే లేని జబ్బు వస్తుంది" అన్నారు ఇంకొకరు. ఇకముందు ఇటువంటి సినిమాలు వేయరాదని తీర్మానం పెట్టాలన్నంతవరకు వెళ్ళింది. ఆనాడు నేను నోరు తెరవలేదు. ఆమె ఎందుకు లేచిపోయారో నాకు తెలియదు, అడగను కూడా. కానీ తీర్మానం రాసేముందు నా ఇంటి సంగతి ఒకటి మీరు వినాలి. నలభై ఏళ్ళుగా ఆఫీసులో ఎవరికీ చెప్పనిది.

నాకొక తమ్ముడున్నాడు. పేరు చెప్పను. చెప్పొద్దని షరతు పెట్టి, మిగతాదంతా చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు అతడికి అరవై ఎనిమిదేళ్ళు. 1979లో ఇరవై రెండు. సిటీ కాలేజీలో డిగ్రీ ఆఖరు సంవత్సరం. మేము అలియాబాద్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. అమ్మ, నేను, నా భార్య, తమ్ముడు. ఆ వానాకాలంలో అతడు నిద్రపోవడం మానేశాడు. కాలేజీకి పోవడం మానేశాడు. రేడియో వార్తల్లో తన పేరు చదువుతున్నారని రేడియో మీద దుప్పటి కప్పేవాడు. ఒకరోజు తెల్లవారుజామున నన్ను లేపి, "అన్న, నల్లాల ఎవరో మాట్లాడుతున్నరు, నువ్వొచ్చి విను" అన్నాడు. నేను వెళ్ళి నల్లా దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. అంత నమ్మకంగా పిలిచాడు.

ఇక్కడొక మాట. సినిమాలో మతి తప్పినవాడు అంటే బట్టలు చించుకుంటాడు, పకపకా నవ్వుతాడు, చెట్టుతో మాట్లాడతాడు. లేకపోతే కామెడీ. అప్పట్లో మన ఆఫీసుల్లో కూడా, ఫైలు ఆలస్యం చేసిన సెక్షన్‌వాణ్ణి "ఎర్రగడ్డకు టికెట్ తీసుకో" అనేవాళ్ళం. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు "వైజాగు పంపాలి" అనేవారు. ఉత్తరాదివాళ్ళకు ఆగ్రా, రాంచీ. ఊరికొక పేరు, ఎగతాళి ఒకటే. నేనూ అన్నాను. మా ఇంట్లో మాత్రం పకపకా నవ్విన వాళ్ళెవరూ లేరు. నల్లా దగ్గర చెవి పెట్టుకొని నిలబడ్డ కుర్రవాడు, అంతే. అందుకని అది జబ్బు అని పోల్చుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. మాకు తెలిసిన పిచ్చి సినిమాలో చూసినదే, ఇది దాని మాదిరిగా లేదు.

చివరికి ఒక సర్కారు డాక్టరుకు చూపించాము. ఆయన మంచివాడే. చేర్చాలి, మందులతో పాటు అవసరమైతే కరెంటు షాకు ఇవ్వాల్సి వస్తుంది, ఇంటి పెద్దగా మీరు కాగితం మీద సంతకం పెట్టాలి అన్నాడు. నేను గుమాస్తాను. ఫైలు చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేనివాణ్ణి. రెండు రోజులు గడువడిగాను. ఆఫీసులో ఒక మిత్రుడికి చెబితే, "సరిగ్గా దాని మీదే ఒక ఇంగ్లీషు పిక్చరు ఉంది, చూసి సంతకం పెట్టు" అన్నాడు. ఆదివారం పొద్దుటి ఆటకు సికింద్రాబాదు తీసుకెళ్ళాడు.

ఆ సినిమా 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్'. 1975లో వచ్చింది, అయిదు పెద్ద ఆస్కార్లూ దానికే ఇచ్చారు. జైలు కూలి తప్పించుకోవడానికి పిచ్చి నటించి ఆసుపత్రిలో చేరినవాడి కథ. మాట విననందుకు అతణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, నోట్లో పళ్ళ మధ్య ఏదో పెట్టి, తెలివిలో ఉండగానే షాకు ఇస్తారు. ఒళ్ళంతా విల్లులా వంగుతుంది. ఆఖరుకు మెదడుకు ఆపరేషను చేసి, మనిషిని కూరగాయను చేసి వదిలేస్తారు. ఇంగ్లీషు మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. ఆ బల్ల మాత్రం పూర్తిగా అర్థమైంది. బల్ల మీద జాక్ నికల్సన్ కనిపించలేదు నాకు, మా తమ్ముడు కనిపించాడు.

సోమవారం పొద్దున వెళ్ళి, సంతకం పెట్టనని చెప్పేశాను. డాక్టరు కారణం అడిగాడు. సినిమా చూశానని చెప్పడానికి సిగ్గేసి, ఇంట్లో పెద్దలు ఒప్పుకోవడం లేదన్నాను.

ఆ సినిమాను తప్పుపట్టడానికి రాలేదు. అది గొప్ప సినిమా అనే అంటాను. తర్వాత్తర్వాత తెలిసింది, దాన్ని అమెరికాలో ఓరెగన్ రాష్ట్రపు నిజమైన మానసిక వైద్యశాలలోనే తీశారట. అక్కడి సూపరింటెండెంటే అందులో డాక్టరు వేషం వేశాడు. తమ ఆసుపత్రి తలుపులు తీసి, తమ మీద తీసే సినిమాకు చోటిచ్చిన అధికారి ఆయన. అధికారం మనిషిని ఎలా లొంగదీస్తుందో చెప్పే కథ అది. నేను దాన్ని వైద్యశాస్త్రం అనుకొని చూశాను. చదవకుండా సంతకం పెట్టనివాణ్ణి చదవడమైతే చదివాను, చదివింది వేరే ఫైలు.

తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. మేనమామ ఒకాయన ఒక స్థలం పేరు చెప్పాడు. వేరే జిల్లాలో. అది ఏ ఊరో, ఏ మతంవారిదో చెప్పను. అన్ని మతాలవారికీ అలాంటివి ఉన్నాయి, అన్ని మతాలవాళ్ళమూ అక్కడికి వెళ్తాం. మండలం రోజులు అక్కడ ఉంచితే గాలి దిగిపోతుందన్నారు. తీసుకెళ్ళాను. ఒక రేకుల షెడ్డు, పదిహేను ఇరవై మంది. తమ్ముడి ఎడమకాలికి గొలుసు వేసి స్తంభానికి తాళం పెట్టారు. "పారిపోతే మాకు పేరు చెడుతుంది" అన్నాడు అక్కడి మనిషి, రోజూ చెప్పే మాటలాగా. నా కళ్ళ ముందే వేశారు. నేను చూస్తూ నిలబడి, రెండు వందల రూపాయలు ఇచ్చి, సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చాను. అక్కడ ఎవరూ నన్ను సంతకం అడగలేదు.

నలభై ఒకటో రోజు వెళ్ళి తీసుకొచ్చాను. చీలమండ మీద గొలుసు మచ్చ ఇప్పటికీ ఉంది. జబ్బు ఎక్కడికీ పోలేదు. పైగా ఇంట్లో మాతో మాట్లాడటం మానేశాడు.

ఆ తర్వాత మా అమ్మ వంతు వచ్చింది. అమ్మకు సినిమాలంటే ప్రాణం. 1963లో వచ్చిన 'పునర్జన్మ' ఆమె మూడుసార్లు చూసింది. ప్రత్యగాత్మ గారి సినిమా, అక్కినేని, కృష్ణకుమారి. మతి చెడిన హీరో దగ్గరకు భార్యలాగా ఒక నర్తకిని తెచ్చి పెడితే ఆమె ప్రేమతో మామూలు మనిషి అవుతాడు. ఎల్.వి. ప్రసాద్ గారు దాన్నే 1970లో హిందీలో 'ఖిలోనా'గా తీస్తే అక్కడా బ్రహ్మాండంగా ఆడింది. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని అమ్మ పట్టుబట్టింది. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్న సామెత మనకుండనే ఉంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక పేద సంబంధం వచ్చింది. పిల్ల తండ్రికి ఏమీ చెప్పకుండా లగ్గం పెట్టుకుందాం అనుకున్నాము. అనుకున్నాము అని ఎందుకంటున్నానంటే నేనూ ఒప్పుకున్నాను. అడ్డం పడింది నా భార్య. "మన ఇంట్ల ఆడపిల్ల అయితే ఇట్ల ఇస్తమా?" అంది. ఆ ఒక్క మాటతో ఆగిపోయింది. అత్తాకోడళ్ళకు ఏడాదిపాటు మాటల్లేవు. ఈ మొత్తం వ్యవహారంలో మా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క సరైన పని అది. చేసింది నేను కాదు.

ఇలా నాలుగేళ్ళు. 1983లో మా పక్క పోర్షన్‌లోకి ఒక పెద్దాయన వచ్చాడు. యునానీ దవాఖానాలో కంపౌండరుగా చేసి రిటైరైనవాడు. మేము చాచా అనేవాళ్ళం. తావీజు ఏమైనా కట్టిస్తాడేమోనని అమ్మ అతణ్ణి పిలిచింది. ఆయన తమ్ముడితో అరగంట కూర్చుని మాట్లాడి బయటకొచ్చి, "బేటా, యే ఊపర్ కా అసర్ నై. దిమాగ్ కీ బీమారీ హై. ఉస్మానియా లేజావ్, మై భీ ఆతూఁ" అన్నాడు. పైగాలి కాదు, మెదడు జబ్బు, నేనూ వస్తాను పద అన్నమాట. మరునాడు నిజంగానే షేర్వానీ వేసుకొని మాకంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడు. ఆటోలో దారుల్ షిఫా మీదుగా పోతుంటే, ఈ పేరుకు అర్థం తెలుసా అని అడిగాడు. స్వస్థత ఇచ్చే ఇల్లు అని అర్థం. కులీ కుతుబ్ షా కాలంలో అక్కడ ఆసుపత్రి ఉండేది. నాలుగు వందల ఏళ్ళ నాడే రోగులకు ఇల్లు కట్టిన బస్తీలో పుట్టి, నేను తమ్ముణ్ణి బస్సెక్కించి ఎక్కడో స్తంభానికి కట్టించి వచ్చాను.

మందులు మొదలయ్యాయి. మాత్రలు, నెలకొక సూది. అవి సరిపోక ఆరుసార్లు షాకు చికిత్స కూడా ఇచ్చారు. అవును, అదే. ఈసారి సంతకం పెట్టాను. చేయి వణికి నా సంతకం నాదిలా రాలేదు. లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట బెంచీ మీద కూర్చొని ఆ ఇంగ్లీషు సినిమా మొత్తం మళ్ళీ చూశాను, కళ్ళు మూసుకొని. చాచా పక్కన తస్బీ తిప్పుతున్నాడు. కాసేపటికి తమ్ముణ్ణి నిద్రపోతుండగా స్ట్రెచరు మీద బయటకు తెచ్చారు. మత్తు సూది ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, కొద్ది సెకన్లపాటు కరెంటు పెడతారు. లోపల మూర్ఛ వచ్చి ఒక నిమిషం లోపే పోతుంది, రోగికి తెలియదు. గంట తర్వాత లేచి, "అన్న, చాయ్ తాగుదామా" అన్నాడు. నాలుగేళ్ళలో నన్ను అతడు అన్న అని పిలిచింది అప్పుడే.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. ఇటలీలో 1938లో మొదలైన ఆ చికిత్సను తొలినాళ్ళలో మత్తు లేకుండానే ఇచ్చేవారు. మత్తు పద్ధతి 1950ల నుంచి వచ్చినా, మన దేశంలో చాలాచోట్ల మత్తు లేకుండా ఇవ్వడం చాలాకాలం సాగింది. మా తమ్ముడి అదృష్టం మంచిది. సినిమా పూర్తిగా అబద్ధం కాదు. మత్తు లేకుండా షాకు ఇవ్వరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాశారు. రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని కూడా అందులోనే రాశారు. 2018 మే 29 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. గుమాస్తాను గనుక సెక్షన్ నంబరు కూడా చెప్పి తృప్తిపడతాను, 95.

బాగుపడ్డాడా అంటే, పడ్డాడు. సినిమాలో మాదిరిగా చివరి రీలులో పాట పాడుకుంటూ కాదు. ఆలస్యంగా మొదలుపెట్టినకొద్దీ జబ్బు మొండికేస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ నాలుగేళ్ళు ఎవరి ఖాతాలో రాయాలో నాకు తెలుసు. డిగ్రీ పూర్తికాలేదు. మాట తక్కువ. చత్తాబజార్‌లో పెండ్లి కార్డులు వేసే ప్రెస్సులో పనికి కుదిరాడు. మొదట కార్డులు మడవడం, తర్వాత ప్రూఫులు దిద్దడం. ముప్పై ఏళ్ళు అదే ప్రెస్సులో చేశాడు. ఊళ్ళో ఎన్ని వేల పెళ్ళిళ్ళ ముహూర్తాలు దిద్దాడో లెక్కలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు నల్లా మాట్లాడుతుంది. "మాట్లాడనీ అన్న, పని చేసుకుంట వింట" అంటాడు.

ఇక 2003. నా కొడుకు ఇంటర్ అయిన ఏడాది. పాతబస్తీలో ఏ సందులో చూసినా నడినెత్తిన పాపిట తీసి, రెండు వైపులా జుట్టు కళ్ళ మీదికి వదిలిన కుర్రాళ్ళే. సల్మాన్ ఖాన్ 'తేరే నామ్' రోజులవి. మావాడి తలా అంతే. నాన్నా నువ్వూ రా అని తీసుకెళ్ళాడు. 1999లో తమిళంలో బాలా అనే దర్శకుడు తీసిన 'సేతు'కు అది హిందీ. తెలుగులో అంతకుముందు ఏడాదే రాజశేఖర్‌తో 'శేషు'గా వచ్చింది. నేను చూడలేదు గనుక కథ తెలియకుండా వెళ్ళి కూర్చున్నాను. మొదటి సగం కాలేజీ గొడవలు, పాటలు, ఈలలు. తలకు దెబ్బ తగిలి హీరోకు మతి పోయాక, డాక్టర్ల వల్ల కాదని ఒక ఆశ్రమానికి తీసుకెళ్తారు. అక్కడ వరసగా మనుషులు, కాళ్ళకు గొలుసులు.

నేను లేచి బయటకొచ్చేశాను. మన సోదరి గారు ఎలా లేచి వెళ్ళారో అలాగే. మెట్ల మీద కూర్చున్నాను. సమోసాలమ్మే అబ్బాయి మంచినీళ్ళిచ్చాడు. అప్పటికి రెండేళ్ళ క్రితం, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాక అంటుకుంది. గొలుసులు విడిపించుకోలేక 28 మంది చనిపోయారు. పేపరులో ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో మధ్యాహ్నం అన్నం తినలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ తమిళ సినిమా వచ్చింది ఏర్వాడి కాలడానికి రెండేళ్ళ ముందు. చూసినవాళ్ళందరూ డైరెక్టరు మరీ ఎక్కువ చూపించాడనుకొని ఉంటారు.

మెట్ల మీద కూర్చుని నాకు తట్టింది ఇదే. 1979లో సికింద్రాబాదులో చూసిన సినిమాను అక్షరాలా నమ్మి, తమ్ముణ్ణి దవాఖానాకు దూరం చేశాను. ఆ భయంతోనే అతణ్ణి చేర్చిన చోటు, ఇదిగో ఈ సినిమాలో ఉంది. ఆ బల్ల చూసి నిద్ర పట్టలేదు. గొలుసు ఎదురుగా చూసి బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. బల్ల కొత్తది, గొలుసు అలవాటైనది. మన ఊరి పద్ధతి గనుక అది నాకు భయంకరంగా కనిపించలేదు. తెర మీద, చీకట్లో, ఇంకొకడి కాలికి ఉంటే తప్ప కనిపించలేదు.

మావాడు వెతుక్కుంటూ బయటకొచ్చి, "ఏమైంది నాన్నా, గుండెలో నొప్పా?" అని అడిగాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా, బాబాయి కాలి మీద మచ్చ సంగతి వాడికి తెలియదు. చిన్నప్పుడు సైకిలు చెయినులో పడ్డాడని చెప్పేవాళ్ళం. ఆ మెట్ల మీదే మొత్తం చెప్పాను. వాడు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే బాబాయి సూది మందు చీటీ వాడి జేబులో ఉంది. అప్పటి నుంచి నెలనెలా తీసుకెళ్ళింది వాడే.

అందుకే తీర్మానం వద్దంటున్నాను. ఆ ఒక్క సినిమా లేకపోతే నేను నా కొడుక్కు చెప్పకుండానే పోయేవాణ్ణి.

"చూస్తే లేనిది వస్తుంది" అన్నవారికి నా జవాబు. సినిమా చూస్తే జబ్బు రాదు. కానీ మనసు ముందే బాగాలేనివారు, నిద్ర సరిగా లేనివారు, ఇంట్లో ఇటీవలే ఇటువంటి దుఃఖం జరిగినవారు అర్ధరాత్రి ఒంటరిగా ఫోనులో ఇలాంటివి చూడటం మంచిది కాదు. చూడాలనుకుంటే నలుగురితో, వెలుతురున్న వేళ చూడండి. బయటకు వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, ఎవరూ వెనక్కి పిలవకూడదు. ఇంకొకటి. సినిమావారు చెవికి వినపడేదాన్ని కంటికి చూపిస్తారు, అది వాళ్ళ ఇబ్బంది. 2001లో వచ్చిన 'ఎ బ్యూటిఫుల్ మైండ్'లో గణిత శాస్త్రవేత్త జాన్ నాష్‌కు లేని మనుషులు కనిపిస్తారు. అసలు నాష్‌కు గొంతులు వినిపించేవి. సినిమాలో ఆయన కొత్త మందులు వేసుకుంటున్నట్టు చెప్పించారు. నిజానికి 1970 తర్వాత ఆయన మందులు మానేశారు. అది చూసి మా తమ్ముడు తనకేమీ కనిపించడం లేదు గనుక తనది ఆ జబ్బు కాదేమో, మాత్రలు ఆపుదామా అని అడిగాడు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి అడిగించాను. నా చదువు మీద నాకు నమ్మకం పోయింది గదా.

ఇప్పుడు మన హాలులో వేసిన సినిమా దగ్గరకు తిరిగి వస్తాను. ఆ రోజు తమ్ముడు నా పక్క కుర్చీలో ఉన్నాడు. సావిత్రి గారు ఆ చివరి దృశ్యంలో అలా నిలబడి చూస్తుంటే, నా చెవి దగ్గర మెల్లగా, "వదినె గిట్లనే ఉండె గద అన్న" అన్నాడు.

నిజమే. అది 1996. అప్పటికి పదిహేడేళ్ళుగా అతడికి అన్నం పెట్టింది, మాత్ర లెక్కపెట్టి నోట్లో వేయించింది, రాత్రిళ్ళు గొళ్ళెం చప్పుడైతే లేచింది, అమ్మ పోయేవరకు అమ్మను చూసింది నా భార్య. నేను ఆఫీసుకు పోయి వచ్చేవాణ్ణి. ఆ ఏడు ఆమె పొద్దున లేవడం మానేసింది. వంటయ్యేది, ఎలాగో అయ్యేది. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకునేది. నీరసమనుకొని టానిక్కు తెచ్చాను. మూడు సీసాలు. ఇంట్లో ఒక రోగి ఉన్నాడు, ఇంకొకరికి కూడా ఆ చోటు ఉంటుందని నాకు తోచలేదు. తోచింది తమ్ముడికి. "వదినె నవ్వి ఎన్ని దినాలైంది అన్న?" అని అడిగాడు ఒకరోజు. నాకు జవాబు తెలియదు. తన సూది రోజున, "నా వెంట రావాలె వదినె, ఒక్కణ్ణి పోలేను" అని అబద్ధం చెప్పి ఆమెను దవాఖానాకు తీసుకెళ్ళాడు. అన్నేళ్ళుగా ఒక్కడే పోతున్నవాడు. డాక్టరు అతణ్ణి వదిలేసి ఆమెను "నీవెట్లున్నవమ్మా?" అని అడిగాడట. ఆమె అరగంట ఏడ్చిందట. తొమ్మిది నెలలు మాత్రలు వేసుకుంది. ఇప్పుడు కులాసాగా ఉంది, మోకాళ్ళ నొప్పి వల్ల ఇవాళ రాలేదు. ఇది చెప్పడానికి ఆమె కూడా ఒప్పుకుంది. "మీ సంగతి కూడా చెప్పుండ్రి, నాదే కాదు" అంది. చెప్పాను.

మన సంఘంలో ఎంతమంది ఇళ్ళలో ఇలాంటి గది ఒకటి ఉందో నాకు తెలియదు. నిమ్‌హాన్స్‌వారు 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారు. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. ఈ హాలులో ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టుకోండి. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్‌వారు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కరలేదు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఆరోగ్య బీమా ఉన్నవారికి ఒక ఉపయోగమైన మాట. 2017 చట్టం ప్రకారం శరీరపు జబ్బులకు ఎలాగో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలి. పాలసీ కాగితం తీసి చూసుకోండి. ఈసారి సరైన ఫైలు చదవండి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క మాట. ఈ కాగితాలు నిన్న రాత్రి తమ్ముడికి ఇచ్చాను. ఎర్ర పెన్నుతో మూడు అచ్చుతప్పులు దిద్ది, ఒక పేరా మొత్తం కొట్టేశాడు. అందులో ఏముందో చెప్పను. వచ్చే నెల సినిమా ఏది వేయాలని కార్యదర్శి గారు అందరినీ అడుగుతున్నారు గదా, అతణ్ణీ అడిగాను. 'గుండమ్మ కథ' అన్నాడు. అందులోనూ సావిత్రి ఉంది గదా అన్నాడు.

అతడు అదుగో, వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎనిమిదింటికి మాత్ర వేళ. అలియాబాద్ చేరాలి. సెలవు.